సంప్‌కి ఓవర్‌ఫ్లో పైపులు వేసేముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

సంప్ అంటే చేపల తొట్టె కింద ఉండే రెండో తొట్టె. పై తొట్టె నీళ్లు ఓవర్‌ఫ్లో పైపుల్లోంచి దానిలోకి దిగుతాయి, పంపు వాటిని రిటర్న్ పైపులోంచి మళ్లీ పైకి తోస్తుంది. సంప్ ఉన్న అక్వేరియంలో పంపు నడుస్తున్నంతసేపూ అంతా బాగానే కనిపిస్తుంది. తంటా వచ్చేది మూడు సందర్భాల్లో: కరెంటు పోయినప్పుడు, తిరిగి వచ్చినప్పుడు, పైపుకి ఏదైనా అడ్డం పడినప్పుడు. ఈ మూడింటిలోనూ నీళ్లు ఎటు పోతాయో పైపులు కొనకముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి.

పంపు ఆగగానే రిటర్న్ పైపు సైఫన్‌లా మారి, పై తొట్టెలోని నీటిని వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. పైపు మూతికి గాలి తగిలేదాకా ఆగదు. 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు ఉన్న తొట్టెలో ఒక్క సెంటీమీటరు నీరంటే 5.4 లీటర్లు. మూతి నీటిమట్టానికి 5 సెం.మీ. కింద ఉంటే 27 లీటర్లు దిగిపోతాయి. కింది సంప్ 75 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు అయితే ఆ నీళ్లకే పది సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు ఖాళీగా ఉండాలి. పైపుల్లో, పై తొట్టె నీళ్లు పొర్లి పడే ఓవర్‌ఫ్లో బాక్సులో ఉన్న నీళ్లు దీనికి అదనం.

అందుకే రిటర్న్ మూతిని నీటిమట్టానికి కొద్దిగా మాత్రమే కింద పెట్టండి. నీటిమట్టానికి కాస్త దిగువన పైపుకి చిన్న రంధ్రం కూడా వేస్తే మట్టం తగ్గగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రం నాచుతో పూడిపోతుంది కాబట్టి అద్దాలు తుడిచినప్పుడల్లా దాన్నీ ఒకసారి పొడవాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉందిగా అంటారు కొందరు. ఇసుక రేణువో చిన్న నత్తో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. పెట్టుకుంటే పెట్టుకోండి, సంప్ కొలత మాత్రం అది లేదనుకునే వేయండి.

ఇక కిందికి దిగే పైపు. ఒక్క పైపుతో సరిపెట్టడం నాకు ససేమిరా నచ్చదు. కనీసం రెండుండాలి. ఒకటి నిండుగా సైఫన్ మీద నడిచే ప్రధాన పైపు, దానికి తిప్పేకొద్దీ కొంచెం కొంచెంగా మూసుకునే గేట్ వాల్వ్. బాల్ వాల్వ్ పావు తిప్పుకే పూర్తిగా మూసుకుపోతుంది, ప్రవాహాన్ని సన్నగా సర్దడం కష్టం. రెండోది అత్యవసర పైపు. దాని నోరు మామూలు నీటిమట్టానికి కాస్త పైన, ఎప్పుడూ పొడిగా ఉండాలి. దానికి వాల్వ్ పెట్టకూడదు, సన్నని జాలీ కట్టకూడదు, పంపు తోసే నీటినంతా అదొక్కటే దింపగలగాలి. దాని కింది చివరని సంప్ నీటికి పైనే ఆపేస్తే ఇంకో లాభం ఉంది: అందులోకి నీళ్లొచ్చిన రోజు గలగలమని చప్పుడు చేసి మిమ్మల్ని పిలుస్తుంది. ప్రధాన పైపు చివర మాత్రం నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లు మునిగితే చాలు. మరీ లోతుకి దించితే పంపు మొదలైనప్పుడు లోపలి గాలి బయటికి పోలేక సైఫన్ అందుకోదు.

అద్దానికి కన్నం వేయకుండా, అంచు మీద తగిలించే యూ ట్యూబ్ ఓవర్‌ఫ్లో వాడేవాళ్లూ ఉన్నారు. ట్యూబ్‌లో బుడగలు పేరుకుంటే సైఫన్ తెగుతుంది, పంపేమో తోస్తూనే ఉంటుంది. తప్పనిసరైతే తప్ప దాని జోలికి పోకండి.

దిగే పైపులన్నీ మూసుకుపోయినా గది తడవకుండా కాపాడేది సంప్‌లో అడ్డుగోడలతో విడదీసిన, పంపు ఉన్న అర. పంపు పైకి ఎక్కించగలిగేది ఆ అరలోని నీళ్లనే. పై తొట్టెలో 4 సెం.మీ. ఖాళీ ఉంటే, మన లెక్కలో 21.6 లీటర్లు పడతాయి. పంపు అరలో అంతకంటే తక్కువ నీరుండేలా అడ్డుగోడలు పెట్టించండి. తగ్గిన నీటిని డబ్బాలోంచి తనంతట తానే నింపే ఆటోమేటిక్ టాప్‌అప్ ఉంటే ఇంకో మెలిక ఉంది. అరలో మట్టం పడిపోయిందని అది కొత్త నీళ్లు పోస్తూనే ఉంటుంది, కాబట్టి దాని డబ్బా చిన్నదే ఉండాలి. హీటర్‌ని ఈ అరలో పెట్టకండి, మట్టం తగ్గితే గాల్లో తేలి పగిలే ప్రమాదం ఉంది.

పైపుల కోసం తొట్టె గాజుకి కన్నం వేసేముందు అది టఫెన్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరిచిన గాజు) కాదని తేల్చుకోండి. అలాంటిదైతే డ్రిల్ తగలగానే మొత్తం పలక ముక్కలైపోతుంది. చాలా తొట్లలో అడుగు పలక టఫెన్డ్‌దే ఉంటుంది. పలక వెనక తెల్లటి ఎల్‌సీడీ తెర వెలిగించి, పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి అటూ ఇటూ తిప్పి చూస్తే టఫెన్డ్ గ్లాసులో చారలో మచ్చలో కనబడతాయి. మామూలు గాజైతే డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ, నొక్కకుండా నెమ్మదిగా. కన్నం అంచుకీ గాజు అంచుకీ మధ్య కనీసం కన్నం వ్యాసమంత దూరం వదలాలి.

కన్నంలో పైపుని బిగించే బల్క్‌హెడ్‌కి రబ్బరు వాషర్ దాని వెడల్పాటి అంచు (ఫ్లాంజ్) ఉన్న వైపు రావాలి. చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు చాలు. పైపులన్నీ ముందు సొల్యూషన్ లేకుండా అమర్చి, మార్కర్‌తో గీతలు పెట్టుకుని, తర్వాతే అంటించండి. నీళ్లు వదలడానికి ఒక రోజు ఆగండి. విప్పాల్సిన చోట్ల యూనియన్లు (మరతో విప్పి మళ్లీ బిగించుకునే జాయింట్లు) మరవకండి.

కరెంటు బోర్డు సంప్ కంటే పైన, పక్కకి ఉండాలి. ప్రతి వైరూ కిందికి వేలాడి మళ్లీ పైకెక్కి ప్లగ్‌లోకి వెళ్లాలి, అప్పుడు జారే చుక్క సాకెట్‌లోకి పోకుండా నేల మీద పడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

చేపలు వేయకముందే పరీక్ష. పంపు ఆపి సంప్ ఎంతవరకు నిండిందో చూడండి. మళ్లీ వేసి, సైఫన్ తనంతట తాను అందుకుంటుందో లేదో చూడండి. తర్వాత గేట్ వాల్వ్ పూర్తిగా మూసి, అత్యవసర పైపు ఒంటరిగా నెట్టుకొస్తుందా చూడండి. చివరికి దాన్నీ గుడ్డతో మూసి, స్విచ్ మీద చెయ్యి ఉంచుకుని, పంపు అర ఖాళీ అయ్యేదాకా పై తొట్టె అంచుని గమనించండి. అన్నీ సరిగ్గా ఉంటే, పంపు నడుస్తుండగా ఆ అరలో నీరు ఎంతవరకు ఉండొచ్చో చెరగని మార్కర్‌తో గీత గీయండి. "పంపు నడుస్తున్నప్పుడే, ఈ గీత దాటకుండా నీళ్లు పోయాలి" అని పక్కన రాయండి. మీరు ఊళ్లో లేనప్పుడు నీళ్లు పోసేది ఇంట్లో ఇంకొకళ్లు.