పిల్లలతో హైదరాబాద్ వచ్చేశారా? ఆదివారం అందరూ ఒకే బెంచీలో కూర్చోండి

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో ఆస్ట్రేలియా నుంచో పిల్లలతో సహా హైదరాబాద్‌కు మకాం మార్చిన క్రైస్తవ కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ఇల్లు, స్కూలు, గ్యాస్ కనెక్షన్ సంగతులు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఆదివారం గురించి మాత్రమే చెబుతాను. మీకు ఇది సొంత ఊరే, కానీ అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఇదే పరాయి దేశం.

వచ్చిన కొత్తలో చాలా ఇళ్లలో జరిగేది ఇదీ: పిల్లలకు తెలుగు సరిగా రాదు కాబట్టి వాళ్లను తీసుకుని మనం ఇంగ్లీషు ఆరాధనకు వెళ్తాం, నాయనమ్మ తాతయ్యలను క్యాబ్ ఎక్కించి తెలుగు ఆరాధనకు పంపిస్తాం. జంట నగరాల్లో చాలా పెద్ద చర్చిల్లో రెండూ వేర్వేరు వేళల్లో ఉంటాయి, అందుకే ఇది తేలిగ్గా అలవాటైపోతుంది. దయచేసి కానివ్వకండి. పిల్లలకు వాక్యం అర్థం కావాలి, కాదనను, అప్పుడప్పుడూ ఇంగ్లీషు ఆరాధనకు వెళ్లండి, ఇంట్లో ఇంగ్లీషు బైబిలే చదివించండి. కానీ ఎక్కువ ఆదివారాలు మూడు తరాలూ ఒకేచోట ఉండాలి. నాయనమ్మ కొంగు కప్పుకుని కన్నీళ్లతో ప్రార్థించడం పక్కనే కూర్చుని చూసిన పిల్లకు ఆ మాటలు సగమే అర్థమైనా, ఆమె ఎవరితో మాట్లాడుతోందో తెలుస్తుంది. తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు ముందు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను తలుచుకున్నాడు కదా.

ఏ చర్చికి వెళ్లాలన్నది మీ కుటుంబం ఇష్టం. ఒక్కటి మాత్రం చెబుతాను, పెద్దవాళ్లు ఏళ్ల తరబడి వెళ్తున్న సంఘాన్ని మీ అపార్ట్‌మెంట్‌కు దూరమని మాన్పించకండి. మీరు గచ్చిబౌలి వైపు ఉండి వాళ్ల చర్చి సికింద్రాబాద్‌లో ఉంటే రాయదుర్గం నుంచి మెట్రో నేరుగా అటే వెళ్తుంది, మార్గంలో పిల్లలు తాతయ్య పక్కన కూర్చునే సమయం కూడా దొరుకుతుంది. పద్ధతులు మాత్రం ముందే అడిగి తెలుసుకుని పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో బెంచీలు, ఆరాధన క్రమం పుస్తకం, ఎప్పుడు లేవాలో ఎప్పుడు మోకరించాలో అన్నీ ఉంటాయి. సువార్తికులు భక్తసింగ్ గారి పరిచర్యతో ఎదిగిన, గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లోని హెబ్రోను లాంటి సహవాసాల్లో చాపల మీద కూర్చోవడం, మగవాళ్లు ఒకవైపు ఆడవాళ్లు ఒకవైపు ఉండటం, ఆరాధన తర్వాత అందరూ కలిసి ప్రేమవిందు తినడం అలవాటు. అలాంటి చోట కొడుకు తాతతో, కూతురు నాయనమ్మతో కూర్చుంటే సరిపోతుంది, నన్నడిగితే అదే మేలు. చాలాచోట్ల చెప్పులు బయట వదలాలి, ప్రార్థనలో ఆడవాళ్లు తల మీద కొంగో చున్నీయో వేసుకుంటారు. స్వతంత్ర సంఘాల్లో కూడిక మూడు గంటలు సాగినా ఆశ్చర్యపోకండి, చిన్నవాళ్లకు మంచినీళ్లు, బిస్కెట్లు పెట్టుకుని వెళ్లండి.

ఇక పాటలు. తరాలను కలపడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను మన పెద్దవాళ్లు పుస్తకం తెరవకుండానే పాడతారు. శనివారం సాయంత్రం తాతయ్యను ఒక్క పాట పల్లవి నేర్పించమని అడగండి. పిల్లలకు లిపి రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోనివ్వండి, తప్పేం లేదు. పియానోనో గిటారో నేర్చుకున్న పిల్ల అయితే ఆ రాగాన్ని తనే వెతికి పట్టుకుంటుంది, తాతయ్య తాళం వేస్తారు. మర్నాడు అదే పాట సంఘంలో పాడితే ఆ పిల్ల ముఖం చూడండి! పెద్దవాళ్లకూ ఒక మనవి: పిల్లలు పాడుకునే కొత్త పాటను, డ్రమ్స్‌ను, వాళ్ల బట్టలను చర్చి మెట్ల మీదే విమర్శించకండి. సర్దుబాటంతా చిన్నవాళ్ల మీదే వేస్తే వాళ్లు కాలేజీకి రాగానే రావడం మానేస్తారు.

సండే స్కూల్లో పిల్లలను ముందుకు పిలిచి కంఠత వాక్యం చెప్పమంటారు, దానికి టెన్షన్ పడతారు. ‘యేసు కన్నీళ్లు విడిచెను’ అన్న మూడు మాటలతో మొదలుపెట్టండి, తర్వాత బైబిల్లోని ఇరవై మూడో కీర్తన. ఉచ్చారణకు ఎవరైనా నవ్వితే టీచరమ్మకు నెమ్మదిగా చెప్పండి. సాక్ష్యాల సమయం పొడవుగా ఉంటుంది, అయినా పిల్లలను బయటికి తీసుకెళ్లకుండా చెవిలో ఇంగ్లీషులో చెబుతూ ఉండండి, ఎందుకంటే ముత్తాత ఏ ఊళ్లో ఎలా నమ్ముకున్నాడో, ఆ రోజుల్లో ఎన్ని మాటలు పడ్డాడో వాళ్లు వినేది అక్కడే.

సంవత్సరంలో కొన్ని రోజులు మాత్రం వదులుకోవద్దు. డిసెంబరులో ఇంటింటికీ తిరిగే క్యారల్స్, 31 రాత్రి కొత్త ఏడాదిలోకి ప్రార్థనతో అడుగుపెట్టే వాచ్‌నైట్, మట్టల ఆదివారం, ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన, వేసవిలో పిల్లలకు పెట్టే సెలవుల బైబిలు బడి, అంటే వీబీఎస్. సెలవుల్లో ఒకరోజు అందరూ మెదక్ వెళ్లి రండి, ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. కరువు కాలంలో పనిచేసినవాళ్లకు తిండి పెట్టి మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కట్టించిన ఆ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. రంగు గాజు కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం ఉంటాయి, ఆ బొమ్మల కథ నాయనమ్మనే చెప్పనివ్వండి.

ప్రభు భోజనం దగ్గర కొందరు ఇబ్బంది పడుతుంటారు. కొన్ని సంఘాల్లో నిర్ధారణ (కన్ఫర్మేషన్) పొందినవారికే ఇస్తారు, కొన్నింటిలో ముంచుడు బాప్తిస్మం తీసుకున్నవారికే. అందుకని బయల్దేరే ముందే అక్కడి సంఘం నుంచి సభ్యత్వ ఉత్తరం, పిల్లల బాప్తిస్మం సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఇప్పటికే వచ్చేసుంటే మెయిల్ పెట్టి తెప్పించుకుని, వారం మధ్యలో వెళ్లి పాస్టరు అయ్యగారికి ఇవ్వండి. ఆదివారం ఆయన చుట్టూ జనం ఉంటారు, మాట్లాడే తీరిక దొరకదు. వెళ్లేటప్పుడు తాతయ్యను కూడా తీసుకెళ్లండి, మీ కుటుంబాన్ని ఆయనే పరిచయం చేస్తారు.