జపాన్ చెక్క అచ్చు దృశ్యచిత్రాలు – 3వ పాఠం: బరువు ఎవరి భుజాన ఉంది?

జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1833–34 ప్రాంతంలో గీసిన తోకైదో దారి చిత్రాలు 55. ఆ దారికి ఎదో (నేటి టోక్యో), క్యోటో రెండు కొసలు, మధ్యలో 53 మజిలీలు. కొండనీ పొగమంచునీ ముందు చూస్తే మనుషులు వట్టి అలంకారంగా మిగిలిపోతారు. అందుకని ఈ పాఠంలో ముందు బరువు వెతకండి: ఏం మోస్తున్నారు, ఎందరు, ఎటువైపు? ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే కొండ వైపు చూడండి.

ఫుజియెదా మజిలీ చిత్రంతో మొదలుపెడదాం. పైన అరుగు మీద కాగితాలతో అధికారులు, కింద మూటలు దించి మళ్ళీ ఎక్కించే సందడి. ఒక కూలీ ఒళ్ళు తుడుచుకుంటున్నాడు, అతన్ని వదలొద్దు. మోత కూలీ అయినా గుర్రమైనా పక్క మజిలీ దాకానే వెళ్ళేది, అక్కడ కొత్తవాళ్ళు అందుకునేవారు. సర్కారు రాకపోకల కోసం ఈ దారిలో ఒక్కో మజిలీ 100 మందిని, 100 గుర్రాలను సిద్ధంగా ఉంచాలని షోగునేట్ (అప్పటి సైనిక పాలకుల ప్రభుత్వం) నియమం. అతని చెమట వెనక అంత ఏర్పాటు ఉంది.

షిమదా, కనయా మజిలీలు ఓయి నదికి చెరో ఒడ్డు. అక్కడ వంతెన కట్టనివ్వలేదు, పడవలు నడపనివ్వలేదు. భుజాల మీద దాటాలంటే ఒక కూలీ చాలు, చెక్క పల్లకీకి కనీసం నలుగురు కావాలి. కూలి నీటి లోతును బట్టి మారేది: తొడల దాకా అయితే 48 మోన్లు (అప్పటి నాణేలు), చంకల దాకా అయితే 94. నాలుగున్నర షాకులు, అంటే సుమారు 136 సెంటీమీటర్లు మించితే రేవు మూసేవారు, బాటసారులు ఒడ్డునే పడిగాపులు. కాబట్టి నీళ్ళలో ఉన్న ప్రతి మనిషికీ నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి, ఆనాటి ధర అక్కడే తెలుస్తుంది.

చాలామంది ఫోనులో చూసి షిమదాలో మనుషులే లేరనుకుంటారు. అసలు అచ్చు దాదాపు 25 × 38 సెంటీమీటర్లు. మ్యూజియం వాళ్ళ పెద్ద ఫైలు తెరిచి, తెర మీద ఆ కొలతకి తెచ్చి, ఒక్కో ఇసుక దిబ్బనీ విడిగా పెద్దది చేసి చూడండి.

గోయు మజిలీ చిత్రంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. బాటసారుల్ని పట్టి లాగే ఆడవాళ్ళ పక్కన, సత్రంలో వేలాడే పలకలు బస వివరాలనిపిస్తాయి. నిజానికి వాటి మీద ఉన్నవి చిత్రకారుడు, చెక్కినవాడు, అచ్చువేసినవాడి పేర్లు. గుండ్రటి పెద్ద గుర్తులో ప్రచురణకర్త తకెనొఉచి పేరు ఉంది. బొమ్మ తయారుచేసిన శ్రమ కూడా బొమ్మలోకే ఎక్కింది!

అభ్యాసం: మినకుచి చిత్రంలో ఆడవాళ్ళు సొరజాతి కాయని సన్నటి పట్టీలుగా కోసి ఆరేస్తున్నారు. కోత నుంచి ఆరబెట్టడం దాకా ఎవరి చేతిలో ఏ పని ఉందో వరసగా రాయండి. అమ్మకం ఆ బొమ్మలో కనిపిస్తోందా?