పాత బైక్ ముందు ఫోర్క్‌ను మెరుగుపరచడం ఎలా?

బ్రేకు పట్టగానే బైక్ ముందుకు తల వంచేస్తుంది. చిన్న గుంటలో దిగినా దెబ్బ అరచేతుల దాకా వస్తుంది. ఈ రెండూ చూసి చాలామంది కొత్త బైక్ ఫోర్క్ (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే, లోపల స్ప్రింగ్, ఆయిల్ ఉండే కాళ్ల జత) మొత్తంగా తెచ్చి వేసేద్దాం అనుకుంటారు. నన్నడిగితే ఆగమంటాను. ఫోర్క్ పొడవు మారితే బైక్ మలుపు తిరిగే తీరే మారిపోతుంది. చక్రం, యాక్సిల్, బ్రేకు కూడా వరసగా మార్చుకుంటూ పోవాలి. ఉన్న ఫోర్క్‌లోనే సరైన స్ప్రింగులు, కొత్త ఆయిల్ పడితే చాలా వరకు జబ్బు నయమవుతుంది.

1. ముందు కొలవండి

ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, డస్ట్ సీల్ (పైపు కింది కాలులోకి దిగే చోట ఉండే రబ్బరు రింగు) పైన కనిపించే పైపు పొడవు కొలవండి. తర్వాత దించి, హెల్మెట్‌తో సహా బైక్ మీద కూర్చుని, ఇంకొకరితో మళ్లీ కొలిపించండి. ఆ తేడానే శాగ్. ఫోర్క్ మొత్తం కదలిక 120 మి.మీ. అయితే శాగ్ 30–40 మి.మీ. ఉండాలి. 55 వచ్చిందంటే స్ప్రింగ్ మీ బరువుకు చాలడం లేదు.

2. విప్పడం

ఇంజిన్ కింద గట్టి స్టాండు పెట్టండి. ఫోర్క్ ఇంకా బైక్‌కే ఉండగా పై టీ (ఫోర్క్ కాళ్లను హ్యాండిల్ దగ్గర పట్టి ఉంచే క్లాంప్) బోల్టు వదులు చేసి, ఫోర్క్ క్యాప్‌ను కాస్త కదిలించండి. పైపు చేతికొచ్చాక ఆ క్యాప్ ఓ పట్టాన లొంగదు. అడుగున ఉన్న బోల్టును కూడా స్ప్రింగ్ లోపల ఉండగానే వదులు చేయాలి. లేకపోతే లోపల ఆయిల్ కదలికను అదుపు చేసే డ్యాంపర్ రాడ్ దాంతోపాటే గిర్రున తిరుగుతుంది.

స్ప్రింగ్ కింది నుంచి తోస్తుంటుంది కాబట్టి క్యాప్ పూర్తిగా తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టి, అరచేత్తో అదిమి పట్టి తిప్పండి. నేను మొదటిసారి ఇది మర్చిపోయాను. క్యాప్ ఎగిరి పైకప్పుకు కొట్టుకుంది, దాన్ని వెతకడానికే అరగంట పట్టింది.

3. పైపులు చూడండి

పైపును అద్దం పలక మీద దొర్లించండి. కింద వెలుతురు సందు వస్తూ పోతూ ఉంటే పైపు వంగినట్టే. తర్వాత సీల్ జారే చోట గోటితో గీసి చూడండి. తుప్పు గుంటకు గోరు తట్టుకుంటే కొత్త సీల్ వేసినా ఎక్కువ రోజులు నిలవదు.

4. స్ప్రింగ్, ఆయిల్

ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే కాస్త నొక్కి ఉంచడం) పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు, బైక్ ముందు భాగం ఎత్తు పెరుగుతుంది, అంతే. గట్టిదనం కావాలంటే స్ప్రింగే మార్చాలి. ఆ తర్వాత స్ప్రింగ్ పైన పెట్టే స్పేసర్ గొట్టం పొడవుతో శాగ్ సరిచేసుకోవాలి.

ఆయిల్ మట్టాన్ని స్ప్రింగ్ తీసేసి, ఫోర్క్‌ను పూర్తిగా కిందికి నొక్కి, పైపు పై అంచు నుంచి కొలుస్తారు. మొదట మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే, రెండు కాళ్లలో సమానంగా. మట్టం పెంచితే పైన గాలికి చోటు తగ్గి, ఫోర్క్ చివరికి వచ్చేసరికి గట్టిపడుతుంది. అందుకే 10 మి.మీ. కంటే ఎక్కువ ఒక్కసారిగా మార్చకండి. ఒక కంపెనీ 10 నంబరు ఆయిల్ ఇంకో కంపెనీ 10 అంత చిక్కగా ఉండాలని లేదు, ఒకే బ్రాండ్‌కు కట్టుబడండి.

5. ఎమ్యులేటర్ వేయాలా?

పాత ఫోర్క్‌లో ఆయిల్ మారని సైజు రంధ్రాల్లోంచి పోతుంది. మెల్లగా కదిలితే అడ్డు దాదాపు ఉండదు, అందుకే బ్రేకు పట్టినప్పుడు దిగిపోతుంది. గుంటలో వేగంగా కదిలితే ఆయిల్ అంత త్వరగా పోలేదు, దెబ్బ చేతులకు తగులుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. ఎమ్యులేటర్ అంటే డ్యాంపర్ రాడ్ నెత్తిన, స్ప్రింగ్ కింద కూర్చునే చిన్న వాల్వ్. ఒత్తిడి పెరిగితే తెరుచుకుని ఆయిల్‌కు దారిస్తుంది. దీనికోసం రాడ్ కింది రంధ్రాలను డ్రిల్‌తో పెద్దవి చేయాలి, మళ్లీ వెనక్కి రాలేని పని. కాబట్టి స్ప్రింగ్, ఆయిల్ మార్చి కొన్నాళ్లు నడిపాకే దీని జోలికి వెళ్లండి.

6. బిగింపు

కొత్త సీళ్లు, అడుగు బోల్టుకు కొత్త రాగి వాషర్ వేయండి. చక్రం ఎక్కించాక మొదట యాక్సిల్ నట్ బిగించి, ఫోర్క్‌ను నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదిలి, ఆ తర్వాతే పించ్ బోల్టు (యాక్సిల్‌ను ఫోర్క్ కాలికి అదిమిపట్టేది) బిగించండి. ఈ వరస తప్పితే రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లాక్కుని ఫోర్క్ బిగుసుకుపోతుంది.

బ్రేకు లివర్ నొక్కి చూసుకుని, పైపుకు ఒక జిప్ టై కట్టి, డస్ట్ సీల్‌కు ఆనించి ఖాళీ రోడ్డు మీదకు వెళ్లండి. గట్టిగా బ్రేకు పట్టాక అది కదలిక చివరికి ఇంకా 10–15 మి.మీ. ఉండగానే ఆగితే ఇక పానాలు లోపల పెట్టేయొచ్చు.