నీడ ఆర్థికం లెక్క తేడా కొడుతోందా? ముందు ఇవి చూడండి

ఏటా మార్చి వచ్చిందంటే హనుమకొండలో మా ఇంటికి ఇద్దరు ముగ్గురు ఎంఏ ఎకనామిక్స్ పిల్లలు లాప్‌టాప్ పట్టుకొని వస్తారు. ప్రాజెక్టు వేర్వేరు దేశాల నీడ ఆర్థిక వ్యవస్థను, అంటే సర్కారు లెక్కకెక్కని పనిని, వ్యాపారాన్ని పోల్చడం మీద. అది నేరుగా కనపడదు కాబట్టి నగదు, కరెంటు వాడకం, మిమిక్ అనే గణాంక మోడల్, సర్వేల లాంటి పద్ధతులతో అంచనా వేస్తారు. ‘సార్, నంబరైతే వచ్చింది గానీ నమ్మబుద్ధి అయితలేదు’ అంటారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నా.

లక్షణం: ఒకే దేశానికి మూడు పద్ధతుల్లో మూడు అంకెలు

కారణం: మూడు పద్ధతులూ ఒకే వస్తువును కొలవడం లేదు. మన దగ్గర జీరో దందా అంటామే, సరుకు నిజం, పని నిజం, బిల్లు మాత్రం ఉండదు, అది నీడ ఆర్థికం. ప్లాటు అమ్మేటప్పుడు ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత’ అనుకుంటారు కదా, అది నల్లధనం. కానీ అక్కడ కొత్తగా తయారైంది ఏమీ లేదు, ఉన్న భూమే చేతులు మారింది. కాబట్టి ఆ బ్లాక్ జీడీపీలో తప్పిపోయిన ఉత్పత్తి కాదు. 1983-84లో మన దేశపు నల్ల ఆదాయం జీడీపీలో 19 నుంచి 21 శాతమని ఢిల్లీలోని ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌ఐపీఎఫ్‌పీ 1985లో అంచనా వేసింది. అది పన్నుకు చూపని ఆదాయం లెక్క. దాన్ని తెచ్చి ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) పట్టికలోని నీడ ఆర్థికం పక్కన పెడితే పోలిక కుదరదు.

పరిష్కారం: మీరు కొలిచేదేంటో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యానికి సరిపోని పద్ధతిని పక్కన పెట్టండి. మూడింటికీ సగటు మాత్రం తీయకండి.

లక్షణం: కరెన్సీ పద్ధతిలో అంకె ఉన్నట్టుండి ఎగిరింది, లేదా పడిపోయింది

ఈ పద్ధతికి ఆర్థికవేత్త కేగన్ 1958లో దారి వేస్తే, తర్వాత టాంజీ అనే మరో ఆర్థికవేత్త దాన్ని అమెరికా లెక్కలకు వాడాడు. జీరో దందా నగదులోనే నడుస్తుంది కాబట్టి, పన్నులు పెరిగినప్పుడు మామూలు అవసరానికి మించి జనం చేతిలో ఎంత నగదు ఉందో చూస్తే నీడ ఎంతో తెలుస్తుందన్నది దీని వెనక ఆలోచన.

కారణం: నగదంతా దాచుకున్నది కాదు. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ చూడండి. కాంటా అయ్యాక తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికొస్తుంది, ఆ వెంటే నోట్ల కట్టలు. ఆ రైతు ఎవరికీ ఏమీ ఎగ్గొట్టలేదు, వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్నే లేదు. మోడల్‌కు ఆ సంగతి తెలియదు. ఇక 2016 నవంబర్ 8 తర్వాత నగదు పడిపోయింది కాబట్టి నీడ తగ్గిందని రాసిన ప్రాజెక్టు ఒకటి నేనే చూశాను. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగొచ్చాయి. పడింది నోట్ల లెక్క, దందా కాదు.

పరిష్కారం: పంట నెలలకు, నోట్ల రద్దు కాలానికి డమ్మీలు (ఆ కాలానికి 1, మిగతా కాలానికి 0 అని వేసే గుర్తులు) పెట్టండి. జీడీపీలో వ్యవసాయం వాటాను మోడల్‌లోకి తీసుకోండి. అమెరికాను కలుపుతుంటే, డాలర్ నోట్లలో పెద్ద భాగం ఆ దేశం బయటే తిరుగుతుందని మరవకండి.

లక్షణం: కరెంటు వాడకం జీడీపీ కంటే వేగంగా పెరిగింది, తేడా అంతా నీడే అంటోంది మోడల్

కరెంటు వాడకం ఎంత పెరిగితే మొత్తం ఉత్పత్తి అంత పెరిగిందనుకోవడం ఈ పద్ధతి. మన దగ్గరైతే వెంటనే అనుమానించాలి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు. 2019లో కాళేశ్వరం పంపులు మొదలయ్యాయి. బోర్లకు చాలాచోట్ల మీటర్లే లేవు, ఆ వాడకం కూడా అంచనాయే. వ్యవసాయం, ఎత్తిపోతలు తీసేసి మిగిలిన కరెంటుతోనే చేయండి. వేరే దేశాలకూ ఇంతే, సబ్సిడీ ఎక్కడుందో ముందు వెతకండి.

లక్షణం: మిమిక్ రన్ అయింది, శాతం మాత్రం రాలేదు

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. మిమిక్‌లో ఒకవైపు పన్నుల భారం, నిబంధనల బరువు, నిరుద్యోగం, పాలన తీరు లాంటి కారణాలు ఉంటాయి. రెండోవైపు నగదు, పనిలో ఉన్నవాళ్ల శాతం, జీడీపీ లాంటి ఆనవాళ్లు. కనపడని నీడ మధ్యలో ఉంటుంది.

కారణం: ఇది రాళ్లు లేని తక్కెడ. ఈ బస్తా ఆ బస్తా కంటే బరువని చెబుతుంది, ఎన్ని కిలోలో చెప్పదు. కిలోలు కావాలంటే బయటి నుంచి ఒక రాయి తెచ్చి పెట్టాలి, అంటే వేరే పద్ధతిలో వచ్చిన ఏదో ఒక ఏడాది అంచనా. రాయి మారితే అన్ని దేశాల అంకెలూ మారతాయి. మెడినా, ష్నైడర్ 2018లో ఐఎంఎఫ్‌కు రాసిన పత్రంలో 158 దేశాల సగటు 31.9 శాతం, స్విట్జర్లాండ్ 7.2, బొలీవియా 62.3 అని ఉంటుంది. ఆ దశాంశం చూసి మోసపోకండి. స్విట్జర్లాండ్ కంటే బొలీవియాలో నీడ చాలా పెద్దదన్నది నమ్మొచ్చు. పాయింట్ మూడు మీద మాత్రం నేను పందెం కాయను.

పరిష్కారం: రెండు మూడు రాళ్లతో నడిపి, వచ్చిన కనిష్ఠ, గరిష్ఠ అంకెలు రెండూ రాయండి. జీడీపీని కారణాల వైపు, ఆనవాళ్ల వైపు రెండుచోట్లా పెట్టారేమో చూసుకోండి. ఆ విమర్శ వచ్చాకే మెడినా, ష్నైడర్ జీడీపీ బదులు శాటిలైట్‌లో కనిపించే రాత్రి దీపాల వెలుగును వాడారు.

లక్షణం: పన్నులు పెరిగితే నీడ పెరుగుతుందని మహా బాగా తేలింది

మరీ బాగా తేలితే టెన్షన్ పడాల్సిందే. మీ నీడ అంకెలు ఎక్కడివి? మిమిక్ పట్టిక నుంచి తెచ్చుకుంటే, వాటిలో పన్నుల భారం ముందే ఒక కారణంగా కూర్చొని ఉంది. మీరు పెట్టిందే మీకు తిరిగొచ్చింది. కారణాలు వెతకాలంటే పన్నులు వాడకుండా తయారైన అంచనా తీసుకోండి.

దీనికి ఉల్టా కూడా వస్తుంది. పన్నులు ఎక్కువున్న డెన్మార్క్, స్వీడన్‌లో నీడ చిన్నదిగా కనిపిస్తుంది. అక్కడ పాలన మీద నమ్మకం ఉంది, కట్టిన పన్ను బడి, దవాఖానా రూపంలో కళ్లముందు ఉంటుంది. పైగా నీడ పెద్దదైన దేశంలో సర్కారు పన్ను వసూలు చేసుకోలేకపోతుంది, అంటే బాణం అటు నుంచి ఇటు కూడా పోతుంది. పాలన తీరును మోడల్‌లో పెట్టి, ఒకే దేశాన్ని ఏళ్ల వెంబడి దానితోనే పోల్చండి.

లక్షణం: సర్వేలో అందరూ బిల్లు ఇస్తామనే అన్నారు

అమ్మేవాణ్ని అడిగితే అంతే మరి. కొన్నవాళ్లను అడగండి. యూరప్‌లో యూరోబారోమీటర్ సర్వేలు చూపని పని గురించి కొన్నవాళ్లనూ అడుగుతాయి. ప్రశ్న కూడా ‘మీరు పన్ను ఎగ్గొట్టారా’ అని కాకుండా ‘పోయినసారి టైల్స్ కొన్నప్పుడు ఏ కాగితం ఇచ్చారు’ అని ఉండాలి.

నన్నడిగితే చూపిస్తాను. ఇల్లు బాగుచేయించినప్పుడు షాపాయన ‘బిల్లు కావాల్నంటే జీఎస్టీ పడ్తది సార్’ అని ఒక తెల్లచీటీ చేతిలో పెట్టాడు. షాపు పేరు లేదు, తేదీ లేదు. 38 పెట్టెలు, కింద మొత్తం, దాని కింద రెండు గీతలు. నేను మారు మాట్లాడకుండా జేబులో పెట్టుకున్నా.