రాగి పైపులో అయస్కాంతం: లెంజ్ నియమం ఇంట్లోనే చూసేయండి

అయస్కాంత క్షేత్రం మారినప్పుడు పుట్టే కరెంటు ఆ మార్పునే ఎదిరిస్తుందనేది లెంజ్ నియమం, సూత్రంలో మైనస్ గుర్తు దానికే. ఇది ఇంటర్ పిల్లలకు బోర్డు మీద చెబితే బట్టీ పడతారు, రాగి పైపులో అయస్కాంతం వదిలే ఈ ప్రయోగం చూపిస్తే అర్థం చేసుకుంటారు. కష్టమంతా సరుకు సరిగ్గా ఎంచుకోవడంలోనే.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో నియోడిమియం అయస్కాంతాలు (చిన్నవైనా చాలా బలమైనవి) అడగండి. 15 మి.మీ. వెడల్పు బిళ్లలైతే బాగుంటాయి. ఒక్క బిళ్లే వేస్తే లోపల పల్టీ కొడుతుంది, అందుకే వెడల్పు కంటే పొడవు ఎక్కువయ్యేలా నాలుగైదు ఒకదానికొకటి అంటించండి. పైపుకి రాణిగంజ్ వెళ్లండి. మీటరు పొడవు, అయస్కాంతం కంటే ఒకటి రెండు మి.మీ. మాత్రమే వదులు. చుట్ట చుట్టిన ఏసీ పైపు వద్దు, నిటారుగా ఉన్నదే కావాలి. రాగి ఖరీదనిపిస్తే గోడ మందంగా ఉన్న అల్యూమినియం తీసుకోండి, ప్రభావం కాస్త తగ్గుతుంది.

ముందు ప్లాస్టిక్ పైపులో వదలండి, అర సెకనులోపే కింద పడుతుంది. రాగి పైపులో అయితే కొన్ని సెకన్లు తీరిగ్గా దిగుతుంది. రాగికి అయస్కాంతం అంటుకోదని ముందే చూపించండి, లేకపోతే అతుక్కుంటూ దిగుతోందనుకుంటారు.

అయస్కాంతం దిగుతుంటే దాని కింద పైపు గోడలో అభివాహం (పైపు గుండా వెళ్లే అయస్కాంత క్షేత్రం) పెరుగుతుంది, పైన తగ్గుతుంది, ఆ మార్పుని ఎదిరిస్తూ గోడలోనే గుండ్రంగా కరెంటు పుడుతుంది. కింది కరెంటు అయస్కాంతాన్ని పైకి నెడుతుంది, పై కరెంటు పైకే లాగుతుంది. వేగం పెరిగే కొద్దీ ఈ బలమూ పెరిగి, బరువుతో సమానం కాగానే అక్కడి నుంచి ఒకే వేగం.

నాకు బాగా నచ్చే భాగం ఇప్పుడొస్తుంది. పైపుని చెక్క దిమ్మెకు నిలువుగా బిగించి వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి, దిమ్మె మీద గుడ్డ వేయండి, ఈ అయస్కాంతాలు ఇట్టే పగులుతాయి. అయస్కాంతాన్ని వదిలి అంకె చూడండి: అది ఇంకా గాల్లో, పైపుని ఎక్కడా ఆనకుండా దిగుతుండగానే దాని బరువంతా కాటా మీద కనిపిస్తుంది, కింద పడి ఆగాక కూడా అంతే ఉంటుంది. పైపు అయస్కాంతాన్ని ఎంత బలంతో పైకి నెడుతోందో, అయస్కాంతం పైపుని అంతే బలంతో కిందికి నెడుతోంది మరి.

చిన్నపిల్లలకు బిళ్లలు అందనివ్వకండి, రెండు మింగితే పేగుల్ని మధ్యలో నొక్కేసి ప్రాణం మీదికి తెస్తాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

ఓపికుంటే ఇంకో పైపు ముక్కని హ్యాక్‌సాతో నిలువునా ఒక పక్క చీల్చండి. చుట్టూ తిరిగే దారి తెగిపోతుంది, అయస్కాంతం గబగబా దిగుతుంది, కానీ గోడలోనే చిన్న కరెంటు సుడులు మిగులుతాయి కనుక ప్లాస్టిక్‌లో పడినంత వేగం రాదు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌ని (తీగ చుట్టే లోపలి ఇనుప భాగాన్ని) ఒకే ఇనుప దిమ్మెగా పోయకుండా, ఒకదానికొకటి కరెంటు తగలకుండా పూత పూసిన పలుచటి రేకులుగా పేర్చేది ఈ సుడుల్ని చిన్నవి చేసి వేడి తగ్గించడానికే.