బ్లెన్‌హైమ్ చేద్దాం, మూడో పాఠం: చిప్పలు కలపడం, గాజు ముక్కు పెట్టడం

పోయిన పాఠంలో పైలట్ సీటు, నావిగేటర్ బల్ల, గన్నర్ కూర్చునే చోటు, అన్నిటికీ లోపలి ఆకుపచ్చ (హంబ్రోల్ కంపెనీ రంగు, నంబర్ 78) వేసి ఆరబెట్టాం కదా, వాటన్నిటినీ ఇప్పుడు ముందు పెట్టుకోండి. ఈ రోజు పనులు రెండే. విమానం బాడీ తాలూకు ఎడమ చిప్పా కుడి చిప్పా కలిపి ఒక్కటి చేయడం, ఆ తర్వాత దానికి గాజు ముక్కు (విమానం ముందు కొసన ఉండే పారదర్శక ప్లాస్టిక్ ముక్క) అతికించడం. చెప్పడానికి రెండు మాటలే గానీ, చివరికి అది బొమ్మలా కనిపిస్తుందా విమానంలా కనిపిస్తుందా అన్నది సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. తర్వాత రంగు ఎంత బాగా వేసినా సరే, వీపు మీద అతుకు గీత ఉందంటే చూసేవాళ్ళ కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం ఒక్క ముక్క. మనం చేస్తున్నది 1/72 స్కేలులో (అంటే అసలుదానిలో 72వ వంతు) బ్రిస్టల్ బ్లెన్‌హైమ్ మార్క్ 4 ప్లాస్టిక్ మోడల్, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబర్. అసలు విమానం రెక్కల వెడల్పు 17.17 మీటర్లు, పొడవు దాదాపు 13 మీటర్లు. మన మోడల్ వెడల్పు 24 సెంటీమీటర్లకి కాస్త తక్కువ, పొడవు 18, అంటే ఏ4 కాగితం మీద పట్టేస్తుంది. అప్పటిదే ఇంకా పెద్ద బాంబర్ లాంకాస్టర్ ఎందుకు చేయకూడదు అని స్నేహితులు అడుగుతుంటారు. అదే స్కేలులో లాంకాస్టర్ 43 సెంటీమీటర్లు ఉంటుంది, నాలుగు ఇంజిన్లు, ఏడుగురు మనుషులు, మూడు టరెట్లు (గన్నర్ తుపాకీ తిప్పే గుండ్రటి అరలు). మొదటి బాంబర్‌కి రెండు ఇంజిన్లు, ముగ్గురు మనుషులు చాలు.

నేను బ్లెన్‌హైమ్ పట్టుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో (ఆర్‌ఏఎఫ్) 110వ స్క్వాడ్రన్ అని ఉండేది, దాని పూర్తి పేరు 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో ఆ దళానికి డీహెచ్‌9ఏ బాంబర్లు సమకూర్చారు, ఒక్కో విమానం మీదా ఇది హైదరాబాద్ నిజాం బహూకరించినది అని, హైదరాబాద్ నంబర్ ఫలానా అని ఇంగ్లీషులో రాశారు. వాటిలో ఎఫ్1010 అనేది జర్మన్లకి చిక్కి, తిరిగి తిరిగి పోలండ్‌లోని క్రాకోవ్ చేరి, 1977లో ఇంగ్లండ్ వచ్చింది, ఇప్పుడు ఆర్‌ఏఎఫ్ మ్యూజియం సేకరణలో ఉంది. ఇదే స్క్వాడ్రన్ 1939 నాటికి బ్లెన్‌హైమ్‌లు నడుపుతోంది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, సెప్టెంబర్ 4న, సఫోక్‌లోని వాటిషామ్ నుంచి అయిదు విమానాలు లేచి విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీదికి వెళ్ళాయి, నాలుగే తిరిగొచ్చాయి. వాళ్ళతో పాటు దాడికి వెళ్ళిన 107వ స్క్వాడ్రన్‌ది ఇంకా ఘోరం, అయిదింటిలో నాలుగు పోయాయి. అడ్మిరల్ షేర్ అనే నౌకకి తగిలిన బాంబులు పేలనే లేదు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న దళం ఆ యుద్ధంలో ఆర్‌ఏఎఫ్ మొట్టమొదటి బాంబు దాడిలో ఉందని తెలిసిన రోజు నుంచీ ఈ విమానం నా మనసులో అలా ఉండిపోయింది. అందుకే దీన్ని జాగ్రత్తగా చేయాలని నా తాపత్రయం.

సరే, పనిలోకి వద్దాం. జిగురు మూత ఇంకా తీయకండి. ముందు రెండు చిప్పల్నీ ఉత్తినే దగ్గర పెట్టి చూడండి, లోపలి నేల, సీట్లు అన్నీ వాటి చోట్లలో కూర్చోబెట్టి మరీ. చిప్పలు పూర్తిగా మూసుకోకపోతే నూటికి తొంభైసార్లు కారణం లోపలే ఉంటుంది: నేల అంచున రంగు మందంగా చేరి ఉంటుంది, లేదా స్ప్రూ (కిట్‌లో ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కత్తిరించిన చోట చిన్న మొటిమ మిగిలి ఉంటుంది. బ్లేడుతో గీకండి, మళ్ళీ పెట్టి చూడండి. ఇలా అయిదారుసార్లు చేయాల్సి వచ్చినా చేయాల్సిందే, జిగురు వేశాక బలవంతంగా నొక్కి మూసిన బాడీ వారం తర్వాత ఎక్కడో ఒకచోట నోరు తెరుస్తుంది. ఇదే సమయంలో కిట్ కాగితం చూసి, వీపు మీది టరెట్ లోపలి నుంచి పెట్టేదా బయటి నుంచి తర్వాత దించేదా అన్నది తేల్చుకోండి, కిట్‌ని బట్టి మారుతుంది. లోపలి నుంచి పెట్టేదైతే చిప్పలు మూశాక ఇక దారి లేదు. ముక్కులో బరువు పెట్టాలా అని మాత్రం ఆలోచించకండి, బ్లెన్‌హైమ్‌కి మూడో చక్రం తోక కింద ఉంటుంది కాబట్టి దాని బరువుతో అదే సరిగ్గా కూర్చుంటుంది.

జిగురు విషయానికొస్తే, ఇక్కడ కావలసింది ప్లాస్టిక్‌ని కరిగించే పల్చటి సిమెంట్, టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది. ఇది మనం రోజూ వాడే జిగుర్లలా మధ్యలో పొరగా ఉండి పట్టుకునేది కాదు. రెండు అంచుల్నీ కరిగించి ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది, ఆరాక అక్కడ అతుకు అనేదే ఉండదు, ఒకే ప్లాస్టిక్. అందుకే వేసే పద్ధతీ వేరు. చిప్పలు రెండూ ముందే దగ్గర పెట్టి పట్టుకుని, బ్రష్ కొసని సందు మీద ఒక్కచోట ఆనించండి చాలు. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు సిమెంట్ దానంతట అదే సందులోకి పాకిపోతుంది, కళ్ళ ముందే తడి గీత రెండు మూడు సెంటీమీటర్లు సాగడం కనిపిస్తుంది. అది ఆగిన చోట మళ్ళీ ఆనించండి. తోక దగ్గర మొదలుపెట్టి వీపు మీదుగా ముందుకు రండి, కింది వైపు తర్వాత. ఒకేసారి మొత్తం చుట్టేయాలని చూడకండి, వేసవిలో అయితే ఈ సిమెంట్ మీరు రెండో కొసకి చేరేలోపే ఎగిరిపోతుంది. ఫ్యాన్ ఆపేసి కిటికీ తీసి పెట్టుకోండి, ఆ వాసన పీల్చడం మంచిది కాదు.

అర నిమిషం ఆగి, వేళ్ళతో రెండు చిప్పల్నీ నెమ్మదిగా నొక్కండి. సందు పొడవునా కరిగిన ప్లాస్టిక్ వెంట్రుకంత సన్నటి కట్టలా పైకి ఉబికి వస్తుంది. దాన్ని చూసి కంగారుపడి తుడిచేశారంటే ఇంతసేపూ చేసిందంతా పోయినట్టే! మనకి కావలసింది ఆ కట్టే, సందు నిండిందనడానికి అదే గుర్తు. మీ వేలు మాత్రం దాని మీద పడనివ్వకండి, వేలిముద్ర ప్లాస్టిక్‌లో అచ్చు పడిపోతుంది. తర్వాత రబ్బరు బ్యాండ్లు, మాస్కింగ్ టేపు ముక్కలు, బట్టల క్లిప్పులు, ఏవి ఉంటే వాటితో కట్టి ఒక రోజంతా వదిలేయండి. పైన ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది, తొందరపడి అప్పుడే రుద్దితే తర్వాత అది ఇంకా ఆరి అతుకు దగ్గర సన్నటి గాడిలా కిందికి దిగిపోతుంది.

మర్నాడు ఆ కట్టని ముందు పదునైన బ్లేడు నిలువుగా పట్టుకుని గీకండి, తర్వాత వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం). 400తో మొదలుపెట్టి 600, 1000 దాకా, నీళ్ళలో ఒక చుక్క సబ్బు కలిపి తడుపుతూ రుద్దండి. వీపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అతుకు వెంబడే పొడవునా రుద్దితే అక్కడ చదునైపోతుంది. అడ్డంగా, గుండ్రటి వంపు వెంట బూటు పాలిష్ చేసినట్టు రుద్దాలి. గుంటలు మిగిలితే పుట్టీ పెట్టొచ్చు. నాకైతే మిగిలిపోయిన స్ప్రూ ముక్కల్ని అదే సిమెంట్‌లో వేసి కరిగించి చేసుకున్న ముద్ద ఇంకా నచ్చుతుంది, ఎందుకంటే అదీ అదే ప్లాస్టిక్, గట్టిదనంలో తేడా ఉండదు. కాకపోతే అది ఆరడానికి రెండు రోజులు పడుతుంది.

అతుకు పోయిందో లేదో కంటితో తేల్చుకోకండి, ప్లాస్టిక్ మీద కన్ను మోసపోతుంది. గోరు అడ్డంగా లాగి చూడండి, ఎక్కడైనా తట్టుకుంటే ఇంకా ఉన్నట్టే. ఆ తర్వాత ఆ గీత మీద మాత్రం వెండి రంగు పల్చగా పూయండి, దాక్కున్న గీతలన్నీ బయటపడిపోతాయి. బాగున్న చోట వదిలేసి, కనిపించిన చోట మళ్ళీ 600. రుద్దుడులో చెరిగిపోయిన ప్యానెల్ గీతలుంటే (విమానం రేకులు కలిసే చోట్లని చూపే సన్నటి గాళ్ళు) ఎలక్ట్రికల్ టేపు అంచుని స్కేలులా ఆనించుకుని సూదితో తేలిగ్గా నాలుగైదుసార్లు గీయండి, ఒకేసారి గట్టిగా లాగితే సూది పక్కకి జారుతుంది.

ఇక గాజు ముక్కు. కొంచెం నిదానంగా చదవండి, ఈ విమానం ముఖమే ఇది.

మార్క్ 4 ముక్కు రెండు వైపులా ఒకేలా ఉండదు. మార్క్ 1కి ముక్కు పొట్టిగా ఉండేది, నావిగేటర్‌కి చోటు చాలలేదని దాన్ని ముందుకు పొడిగించారు. అప్పుడు ఎడమవైపు కూర్చునే పైలట్‌కి దిగేటప్పుడు ఎదురుగా ఏమీ కనిపించదు కదా, అందుకని ఎడమవైపు పైభాగాన్ని గరిటెతో తీసినట్టు లోపలికి వంపు చేసేశారు. పెట్టె తెరిచి ఆ ముక్క చూసినప్పుడు అచ్చు తప్పిందేమో అనిపిస్తుంది, అది సరైనదే. ఇంకో జాగ్రత్త: ఇప్పుడు ఎగిరే స్థితిలో ఉన్న బ్లెన్‌హైమ్ ప్రపంచంలో ఒక్కటే, ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో. దాని ఫోటోలు చూసి మీ మోడల్‌తో పోల్చుకోకండి, 2003 ప్రమాదం తర్వాత మళ్ళీ కట్టినప్పుడు దానికి మార్క్ 1 పొట్టి ముక్కు పెట్టారు. ఆ ముక్కుకీ ఒక కథ ఉంది, యుద్ధం అయ్యాక ఎవరో దాన్ని కొని కరెంటుతో నడిచే కారుగా మార్చుకుని రోడ్ల మీద తిరిగారు, అందుకే అది తుక్కులో పోకుండా మిగిలింది.

గాజు ముక్కలు మామూలు ప్లాస్టిక్ కన్నా పెళుసు. స్ప్రూ నుంచి కత్తిరించేటప్పుడు ముక్కకి దగ్గరగా నొక్కితే లోపలికి బీట పాకుతుంది, దూరంగా కత్తిరించి మిగిలిన మొన కొద్దికొద్దిగా గీకండి. గీతలు పడితే 2000 పేపర్, ఆ తర్వాత మెత్తటి బట్ట మీద తెల్ల టూత్‌పేస్టుతో రుద్దితే మళ్ళీ మెరుస్తుంది.

అతికించడానికి సూపర్ గ్లూ మాత్రం వద్దు. నా మొదటి బ్లెన్‌హైమ్‌కి సిమెంట్ అయిపోయిందని దాంతోనే అంటించాను, గట్టిగానే పట్టుకుంది, నేను నిద్రపోయాను. పొద్దున చూస్తే అద్దాల లోపలంతా తెల్లటి మసక, చలికాలంలో బస్సు కిటికీకి పట్టినట్టు. ఆ జిగురు ఆరేటప్పుడు వదిలే ఆవిరి అద్దం మీద అలా పేరుకుంటుంది, బయట అయితే రుద్ది పోగొట్టవచ్చు, మూసేసిన ముక్కు లోపలికి వేలు ఎలా పోతుంది? ఆ మోడల్ ఇంకా నా దగ్గర ఉంది, నాలుగు రాత్రులు కూర్చుని రంగులేసిన నావిగేటర్ బల్ల అందులో కనిపించదు.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు తీసుకోండి. టూత్‌పిక్ కొసతో అంచు చుట్టూ సన్నగా పెట్టి ముక్కు కూర్చోబెట్టండి. సందు సరిచేసుకోవడానికి అయిదు నిమిషాల టైమ్ ఉంటుంది, పొంగిన జిగురు తడి బట్టతో తుడిస్తే పోతుంది, ఆరాక కనిపించదు కూడా. పెట్టేముందు లోపల ఎక్కడా ధూళి, వెంట్రుక, రుద్దిన పొడి లేకుండా బ్రష్‌తో ఒకసారి ఊడ్చండి. వానాకాలమైతే రాత్రంతా వదిలేయండి.

చివరి పని, అద్దాలకి ముసుగు. ముక్కు మీద ఫ్రేమ్ పట్టీలు ఉబ్బెత్తుగా ఉంటాయి, రంగు వాటికే పడాలి, మధ్య అద్దాలకి పడకూడదు. ఒక్కో అద్దం కన్నా కాస్త పెద్ద మాస్కింగ్ టేపు ముక్క అంటించి, టూత్‌పిక్ పక్కభాగంతో అంచుల్లోకి ఒత్తండి, ఫ్రేమ్ మూలల గీత టేపు కింద తేలుతుంది. కొత్త బ్లేడు పెట్టి ఆ గీత వెంట నడిపించండి, నొక్కకండి, బ్లేడు బరువే కోస్తుంది. వంపు తిరిగిన అద్దాలకి ఒక్క ముక్క సరిపోదు, సన్నటి పట్టీలు అంచుల వెంట ముందు అంటించి మధ్య ఖాళీ తర్వాత నింపండి. కనీసం ఒక సాయంత్రం పడుతుంది. అన్నీ అయ్యాక ముందుగా లోపలి ఆకుపచ్చనే పట్టీల మీద ఒక పూత వేయండి, అప్పుడు గాజులోంచి చూసినప్పుడు ఫ్రేమ్ లోపలివైపు కూడా ఆకుపచ్చగానే కనిపిస్తుంది.

నాలుగో పాఠంలో రెక్కలు, ఇంజిన్లు పెట్టి, డార్క్ ఎర్త్ (హంబ్రోల్ 29), డార్క్ గ్రీన్ (హంబ్రోల్ 30) మచ్చలు వేద్దాం. ఆ రెండు డబ్బాలూ ఈలోపు తెచ్చిపెట్టుకోండి. అద్దాల మీది టేపు మాత్రం ఎంత ముచ్చటేసినా ఇప్పుడు పీకి చూడకండి, మూడు పూతలు ఇంకా ఉన్నాయి.