పార్టీకి హామ్ చీజ్ స్లైడర్లు: ఓవెన్ ఆన్ చేసే ముందు

స్లైడర్లంటే చిన్న బన్‌లతో చేసే శాండ్‌విచ్‌లు. అమెరికాలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) పార్టీ అంటే ఇవి ట్రేలకు ట్రేలు ఖాళీ అవుతాయి. చేయడం తేలికే, టెన్షన్ అంతా ముందు చూసుకోవాల్సిన వాటితోనే.

☐ ఎవరెవరు వస్తున్నారో ముందు కనుక్కోండి. హామ్ అంటే పంది మాంసం. ముస్లింలు, యూదులు తినరు, మనవాళ్లలోనూ ముట్టనివాళ్లు చాలామంది. వాళ్లకు వేరే ట్రే, వేరే కత్తి, వేరే పట్టకారు పెట్టండి. వెజ్ ట్రేలో వూస్టర్‌షైర్ సాస్ పోసేయకండి, మామూలుగా అందులో ఆంకోవీ చేపలుంటాయి. కొన్ని చీజ్‌లలో దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ (పాలు విరగ్గొట్టే ఎంజైమ్) ఉంటుంది. లేబుల్ చదవాల్సిందే.

☐ మనిషికి రెండు మూడు లెక్కేయండి. హవాయియన్ రోల్స్ (తియ్యటి మెత్తటి చిన్న బన్‌లు) 12 ఉన్న ప్యాకెట్ నలుగురైదుగురికి సరి.

☐ రోల్స్ విడదీయకుండా, రంపపు పళ్ల కత్తితో మొత్తం పలకను పై సగం, కింది సగం వచ్చేలా అడ్డంగా కోయండి.

☐ హామ్ తడిని పేపర్ టవల్‌తో అద్దండి, లేకపోతే అడుగు బ్రెడ్ ముద్దవుతుంది. వెన్న, ఆవాల సాస్ రాత్రే పోసి ఉంచమంటారు కొందరు. నాకు నచ్చదు, బేక్ చేసే ముందు పోస్తేనే బాగుంటుంది.

☐ 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఫాయిల్ కప్పి 15-20 నిమిషాలు, ఫాయిల్ తీసేసి ఇంకో ఐదు. రెండు ట్రేలైతే మధ్యలో అరలు మార్చండి.

☐ గర్భిణులుంటే లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం. హామ్ పొగలు కక్కాలి, లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి.

☐ బయట రెండు గంటలు దాటినవి పారేయండి.